తైవాన్ పంపు

సంచికకు ఏదైనా వ్రాయమని యూనియన్ మిత్రులు అడిగినప్పుడు "సైన్సు విద్యార్థివి గదా, ఏ ఉపగ్రహాల గురించో వ్రాయి" అన్నారు. అట్లాగే అన్నాను. తీరా కాగితం ముందు పెట్టుకుని కూర్చుంటే ఉపగ్రహాలు రాలేదు. ఐదేళ్ళ క్రిందట మా పశువుల కొష్టంలో నేను చేసిన ఒక పని గుర్తుకొచ్చింది. ఆ పని సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. అది చెప్పకుండా, 2024 డిసెంబరులో మన కాలేజీ వక్తృత్వ పోటీలో నేను మాట్లాడుతూ మాట్లాడుతూ మధ్యలో ఎందుకు దిగి వచ్చేశానో చెప్పటం కుదరదు. మాట మరిచిపోయాననుకుని ఆనాడు హాల్లో నవ్విన మిత్రులకు గూడా ఇది జవాబనుకోవచ్చు.

మాది గురజాల దగ్గర ఊరు. మూడెకరాలు సొంతం, రెండెకరాలు కౌలు. సాగర్ కుడి కాలువ నీళ్ళు వస్తే వచ్చినట్లు, రాకపోతే బోరు. పత్తి, మిరప వేస్తాం. మిరప వేసిన ఇంట్లో మనుషుల తర్వాత మనిషి మందు కొట్టే పంపు. వీపుకు తగిలించుకుని, తాడు లాగి స్టార్ట్ చేసి, పెట్రోలుతో నడిపే పంపును మా వైపు అందరూ "తైవాన్ పంపు" అంటారు. ఆ పేరు ఎవరు పెట్టారో తెలియదు. మా నాన్న తొమ్మిది వేలు పెట్టి కొన్న తైవాన్ పంపు అడుగున మాత్రం "మేడ్ ఇన్ చైనా" అని చిన్న స్టిక్కరు ఉండేది. ఆ రెండు పేర్లూ ఒకచోట ఇమడక ప్రపంచమంతా తలలు పట్టుకుంటుంటే, మా కొష్టంలో ఒకే చిలక్కొయ్యకు రెండూ వేలాడుతుండేవి. అప్పుడు నాకు ఈ తమాషా తెలియదు.

2020 జూన్ 15 రాత్రి గల్వాన్ లోయలో ఘర్షణ జరిగింది. మన సైనికులు ఇరవై మంది చనిపోయారు. వారిలో కల్నల్ సంతోష్‌బాబుది సూర్యాపేట. మాకు కృష్ణ దాటితే సూర్యాపేట జిల్లా. అటు పిల్లనిచ్చిన వాళ్ళు, ఇటు తెచ్చుకున్న వాళ్ళు మా ఊళ్ళో చాలామంది ఉన్నారు. ఆయన అంత్యక్రియలు టీవీలో చూస్తూ మా అమ్మ అన్నం వండటం మరిచిపోయింది. ఆ దుఃఖం నిజమైనది. దాన్ని ఇప్పుడు గూడా తక్కువ చేసి మాట్లాడను. ఆ దుఃఖంతో నేనేం చేశానన్నదే నా బాధ.

నాకప్పుడు పదిహేనేళ్ళు. టెన్త్ పరీక్షలు రద్దయ్యాయి, బడి లేదు, లాక్‌డౌను. ఊళ్ళో మావాళ్ళు కొందరు రచ్చబండ దగ్గర చెడిపోయిన టీవీ ఒకటి పెట్టి కాల్చి, దాన్ని ఫోనులో తీసి అందరికీ పంపారు. (ఆ తీసిన ఫోను ఎక్కడిదో ఎవరూ చూడలేదు.) నేను గూడా ఏదైనా చేయాలనుకున్నాను. ఇల్లంతా వెతికితే చైనా వస్తువు ఏదీ కనబడలేదు. చివరికి కొష్టంలో పంపును తిరగేస్తే స్టిక్కరు కనబడింది. పక్కనే పలుగుంది. రెండు దెబ్బలకు ట్యాంకు పగిలింది, మూడో దెబ్బకు తాడు లాగే చక్రం మూతతో సహా విరిగిపోయింది.

కోపం అక్కడికి దిగిపోయింది. ఆ తర్వాత భయం వేసింది. నాన్న పొలం నుంచి వచ్చాక, అటక మీద పెట్టబోతే చేయి జారి క్రింద పడిందని చెప్పాను. ఆయన ముక్కలు తిప్పి తిప్పి చూశాడు. పైనుంచి పడిన వస్తువు అన్ని చోట్ల పగలదని వ్యవసాయం చేసేవాడికి తెలియదా? ఆయన అన్నది మాత్రం ఒకటే. "పోనీలేరా, నీ మీద పడలేదు గదా."

ఆ సంవత్సరం కొత్త పంపు కొనటానికి డబ్బు లేదు. మిరపకు మందు వారం వారం పడాలి, పురుగు ఉధృతంగా ఉంటే ఇంకా ముందే పడాలి. నాన్న పాత చేతిపంపు దించి, ఎడమ చేత్తో గొట్టం పట్టుకుని, కుడి చేత్తో మీట కొడుతూ ఐదెకరాలూ నడిచాడు. మాఘమాసం వచ్చేసరికి ఆయన కుడి భుజం పట్టేసింది. ఈనాటికీ చొక్కా వేసుకునేటప్పుడు ముందు ఆ చేయి దూర్చి, తర్వాత ఎడమది తెచ్చుకుంటాడు.

ఇక వక్తృత్వ పోటీ. "చైనాతో స్నేహం మనకు సాధ్యమా?" అన్నది విషయం. నేను కాదనే పక్షాన పేరిచ్చాను. నాకు ఉద్రేకంగా మాట్లాడటం వచ్చునని మిత్రులకు తెలుసు. చైనావాళ్ళ ఆయుధాల గురించి నాలుగు సాంకేతిక వివరాలు పడేస్తే బరువుగా ఉంటుందని మా ఫిజిక్స్ మాస్టారి దగ్గరకు వెళ్ళాను. ఆయన నేను వ్రాసుకున్న కాగితం చదివి, "బాగుంది. జోన్ హింటన్ ఎవరో తెలుసా నీకు?" అన్నారు. తెలియదన్నాను. "ఫిజిక్స్ చదివేవాడివి, తెలుసుకో. తర్వాత ఏ పక్షాన మాట్లాడినా నాకు అభ్యంతరం లేదు" అని తన పని తాను చేసుకున్నారు.

నాలుగు రోజులు లైబ్రరీలోనూ, ఫోనులోనూ వెతికి తెలుసుకున్న సంగతి ఇది. జోన్ హింటన్ అమెరికన్ అమ్మాయి, 1921లో పుట్టింది. ఇరవై మూడేళ్ళ వయసులో లాస్ అలమోస్‌లో ఎన్రికో ఫెర్మి బృందంలో పనిచేసింది. 1945 జూలై 16న మొదటి అణుబాంబు పరీక్షను దూరం నుంచి కళ్ళారా చూసింది. మూడు వారాల తర్వాత హిరోషిమా మీద అణుబాంబు పడింది. తమ లెక్కలు ఊళ్ళ మీద పడతాయని ఆమె అనుకోలేదు. 1948లో ఫిజిక్సును వదిలి చైనా వెళ్ళిపోయింది. అక్కడ పశుపోషణ తెలిసిన మరో అమెరికన్‌ను పెళ్ళి చేసుకుని, పాడి ఆవుల మధ్య జీవితం గడిపింది. పాలు పితికే యంత్రాలు, పొలం పనిముట్లు ఆ దేశానికి తగినట్లు తయారుచేయటంలో తన చదువును వాడింది. అమెరికాలో ఒక పత్రిక ఆమెను అణు రహస్యాలు మోసుకుపోయిన గూఢచారి అని వ్రాసింది. ఆమె మాత్రం ఆవుల దగ్గరే ఉండిపోయి, 2010లో బీజింగ్‌లో చనిపోయింది.

ఆవు పొదుగు దగ్గర కూర్చున్న అణు శాస్త్రజ్ఞురాలు! మా ఇంట్లో ఎప్పుడైనా నేను పాలు పితికితే "డిగ్రీ చదివేవాడికి ఇదేం పని" అంటుంది మా నాయనమ్మ. ఆవిడకు ఈ కథ చెప్పాలి.

ఆమె అన్న విలియం హింటన్ కథ ఇంకా మనకు దగ్గరగా ఉంటుంది. ఆయన 1947లో ఐక్యరాజ్యసమితి సహాయ సంస్థ తరపున ట్రాక్టర్లు నేర్పటానికి చైనా వెళ్ళాడు. మరుసటి ఏడాది ఒక పల్లెలో భూమి పంపకం జరుగుతుంటే దగ్గరుండి చూసి, వెయ్యికి పైగా పేజీల నోట్సు వ్రాసుకున్నాడు. 1953లో స్వదేశం రాగానే ఆ కాగితాలన్నీ ప్రభుత్వం వాళ్ళు పట్టుకుపోయారు, పాస్‌పోర్టు తీసుకున్నారు. ఆయన కోర్టుల చుట్టూ తిరుగుతూ, పెన్సిల్వేనియాలో మొక్కజొన్న పండించుకుంటూ, కాగితాలు తిరిగి వచ్చాక పుస్తకం వ్రాశాడు. 'ఫాన్‌షెన్' పేరుతో అది 1966లో వచ్చింది.

1971 ఏప్రిల్‌లో అమెరికా టేబుల్ టెన్నిస్ జట్టు చైనా వెళ్ళింది. 1972 ఫిబ్రవరిలో నిక్సన్ వెళ్ళాడు. ఇవి మనకు జనరల్ నాలెడ్జి పుస్తకాల్లో ఉంటాయి. వాటిలో లేనిది మరొకటుంది. 1974లో అమెరికాలో టీచర్లు, డాక్టర్లు, విద్యార్థులు, కార్మికులు, ఊరూరా ఉన్న చిన్న చిన్న బృందాలు కలిసి అమెరికా–చైనా ప్రజల మైత్రీ సంఘం అని ఒకటి పెట్టుకున్నారు. దానికి తొలి జాతీయ అధ్యక్షుడు ఈ విలియం హింటనే. రెండు ప్రభుత్వాలకూ పూర్తి దౌత్య సంబంధాలు ఏర్పడింది 1979 జనవరి 1న. అంటే పెద్దవాళ్ళు పూర్తి సంబంధాలు పెట్టుకోవటానికి ఐదేళ్ళ ముందే మామూలు జనం చందాలు వేసుకుని, సభలు పెట్టి, సినిమాలు చూపించి, వీలైనవాళ్ళు ప్రయాణాలు చేసి, పలకరింపులు మొదలుపెట్టారన్నమాట.

రైతు బిడ్డను గనుక నాకు మరొకటి బాగా నచ్చింది. అమెరికాలో అయోవా అనే మొక్కజొన్న రాష్ట్రానికీ చైనాలో హెబే రాష్ట్రానికీ 1983లో "సోదర రాష్ట్రాల" ఒప్పందం కుదిరింది. 1985లో హెబే నుంచి పశువుల దాణా సంగతులు తెలుసుకోవటానికి కొందరు అయోవాలోని మస్కటీన్ అనే చిన్న ఊరు వచ్చారు. వాళ్ళ నాయకుడు ఒక చిన్న అధికారి, మన లెక్కలో తాలూకా స్థాయి. హోటల్లో కాక ఒక మామూలు కుటుంబం ఇంట్లో, చదువుకు వెళ్ళిన వాళ్ళబ్బాయి గదిలో పడుకున్నాడు. ఆ అధికారి పేరు షీ జిన్‌పింగ్. 2012లో ఉపాధ్యక్షుడిగా అమెరికా వచ్చినప్పుడు మళ్ళీ ఆ ఊరు వెళ్ళి పాతవాళ్ళతో టీ తాగాడు. ఆ తర్వాత ఆ రెండు దేశాలూ ఒకరి సరుకు మీద ఒకరు సుంకాలు వేసుకుంటే మొదట దెబ్బ తగిలిన వాళ్ళలో అయోవా సోయాబీను రైతులున్నారు. టీ తాగినందువల్ల సుంకాలు ఆగలేదు. ఆ మాట దాచటం ఎందుకు?

మాస్టారు చెప్పినదంతా చదివినా నేను నా పక్షం మార్చుకోలేదు. వాళ్ళది దూరాన ఉన్న దేశాల స్నేహం, మధ్యలో మహాసముద్రముంది. మనకు చైనాతో సరిహద్దుంది, రక్తముంది అనుకున్నాను. మన దగ్గరా ఇటువంటివి నడిచి చెడినవే గదా! 1938లో కాంగ్రెసు పంపిన ఐదుగురు డాక్టర్లలో షోలాపూర్ వాడైన ద్వారకానాథ్ కోట్నిస్ చైనా సైనికులకు వైద్యం చేస్తూ 1942 డిసెంబరు 9న అక్కడే కన్నుమూశాడు. ఆయనకు ముప్ఫైరెండేళ్ళు. 1950లలో పండిట్ సుందర్‌లాల్ వంటి పెద్దలు భారత–చైనా మైత్రీ సంఘం నడిపారు, భాయీ భాయీ అన్నారు. 1962లో యుద్ధం వచ్చింది. అంతటితో ఆ సంఘం పేరెత్తటమే నేరంలాగా అయిపోయింది. ఇది నా ప్రసంగంలో గట్టి పాయింటు.

మా తాత దగ్గరా ఒక గట్టి పాయింటు దొరికింది. ఆయన చిన్నతనంలో ఊరి గ్రంథాలయానికి 'సోవియట్ భూమి' వచ్చేది. భారత–సోవియట్ సాంస్కృతిక సంఘం వాళ్ళు అప్పుడప్పుడూ సభలు పెట్టేవారట. విశాలాంధ్ర వాళ్ళ వ్యానులో మాస్కోలో అచ్చైన తెలుగు పుస్తకాలు కారుచౌకగా దొరికేవట. ఆ పుస్తకాలకు తెలుగు చేయటానికి మాస్కో వెళ్ళి ఉన్న మనవాళ్ళలో ఉప్పల లక్ష్మణరావు గారు ఒకరు. ఆయన గూడా వృక్షశాస్త్రం చదివిన మనిషే. సోవియట్ భూమి కాగితం నున్నగా, రంగులతో ఉండేది గనుక ఊళ్ళో పిల్లలందరి పుస్తకాలకూ అదే అట్ట. తాత అట్టలు వేసుకుంటూనే బొమ్మలు చూసేవాడు. "ఎప్పుడు చూసినా గోధుమ చేలు పచ్చగా, ట్రాక్టరు మీద పిల్ల నవ్వుతా ఉండేదిరా. ఒక్క ఎండిన చేను బొమ్మ గూడా ఎయ్యలా. అట్టాటి దేశం యాడైనా ఉంటదా? అప్పుడే అనుకున్నా, వీళ్ళు మనకేదో చెప్పకుండా దాస్తున్నారని." 1991 చివర ఆ దేశమే లేకుండా పోయింది.

మైత్రీ సంఘాల్లో నాకు నచ్చని సంగతి ఇదే. ఎదుటి దేశం వాళ్ళు చేసిందల్లా మెచ్చుకోవటం స్నేహం కాదు. హింటన్ అన్నాచెల్లెళ్ళు గూడా చైనాలో సాంస్కృతిక విప్లవాన్ని వెనకేసుకొచ్చారు; ఆ రోజుల్లో అక్కడి పంతుళ్ళు, డాక్టర్లు ఎన్ని అవమానాలు పడ్డారో తర్వాత లోకానికి తెలిసింది. నిజంగా మన మిత్రుడైతే చేను ఎండిందని చెప్పాలి.

ఇంత సరంజామాతో నేను పోటీకి సిద్ధమవుతుండగా, దానికి నెల ముందు ఎన్.ఎస్.ఎస్. తరపున నాగార్జునకొండ వెళ్ళాం. మాచర్ల మీదుగా విజయపురి సౌత్, అక్కడి నుంచి లాంచీ. చిన్నప్పటి నుంచి నాలుగుసార్లు వెళ్ళి ఉంటాను. లాంచీలో మా హిస్టరీ లెక్చరరు గారు నీళ్ళ వంక చూపిస్తూ, మనం ఒక పట్టణం మీద ప్రయాణం చేస్తున్నామన్నారు. 1926లో బయటపడి, 1954 నుంచి 1960 దాకా గబగబా తవ్వి, ఆనకట్ట కోసం నీళ్ళకు వదిలేసిన ఇక్ష్వాకుల విజయపురి అది. మా పొలానికొచ్చే నీళ్ళు ఆ పట్టణాన్ని ముంచి వచ్చినవే.

అక్కడ ఒక కొండ మీద చైత్యగృహం నేల రాళ్ళ మీద వీరపురుషదత్తుడి పద్నాలుగవ పాలనా సంవత్సరపు శాసనం దొరికిందట. అంటే మూడవ శతాబ్దం. వేయించింది రాణి కాదు. బోధిసిరి అనే గృహిణి, ఉపాసిక. తామ్రపర్ణి, అంటే సింహళం నుంచి వచ్చిన ఆచార్యుల కోసం ఆమె ఆ కట్టడం కట్టించింది. ఆ ఆచార్యులు ఏయే దేశాలకు ధర్మం పంచారో శాసనంలో వరసగా ఉంది: కాశ్మీరం, గాంధారం, చీన, కిరాత, తోసలి... యవన, ద్రవిడ గూడా ఉన్నాయి. తర్వాత ఆమె తన చుట్టాలందరి పేర్లూ, తాను చేయించిన పనులన్నీ చెప్పుకుంది. మండపం, చెరువు, భిక్షువులకు గదులు.

"చీన" అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. మా పల్నాటి రాయి మీద పదిహేడు వందల ఏళ్ళ క్రిందట, ఒక ఇల్లాలు చెక్కించిన మాటలలో!

ఆయన అంతటితో ఊరుకోలేదు. ఏడవ శతాబ్దంలో హ్యుయెన్ త్సాంగ్ ధాన్యకటకం వచ్చి కొన్ని నెలలున్నాడని మనం చదువుకున్నాం. ధాన్యకటకం అంటే అమరావతి పక్కనున్న ధరణికోట. 2022లో పల్నాడు జిల్లా ఏర్పడినప్పుడు ఆ మండలం మన జిల్లాలోకే వచ్చింది. పరీక్షల కోసం చదివినప్పుడు నాకు కనబడని సంగతి, ఆయన శిష్యుడు వ్రాసిన జీవిత చరిత్రలో ఉందట: ఇక్కడ సుభూతి, సూర్యుడు అనే ఇద్దరు భిక్షువుల దగ్గర ఆయన అభిధర్మం నేర్చుకున్నాడు, బదులుగా మహాయాన శాస్త్రాలు వాళ్ళకు చెప్పాడు. తర్వాత ముగ్గురూ కలిసి యాత్రకు వెళ్ళారు. ఒకరికి తెలియంది ఒకరు చెప్పుకుని, కలిసి నడిచారు. ఎవరి రాజుగారూ పంపితే కాదు. ఆయన చైనా నుంచి బయలుదేరింది సరిహద్దు దాటరాదన్న రాజాజ్ఞను కాదని.

తిరుగు ప్రయాణంలో బస్సు కారెంపూడి మీదుగా వచ్చింది. కార్తీకం, వీరుల తిరునాళ్ళ రోజులు. ఆ ఐదు రోజుల్లో రెండవది రాయబారం. అలరాజు సంధి మాటలకు వెళ్ళి విషప్రయోగంతో చచ్చిపోయిన కథ మా పల్నాడు పిల్లలకు ఎవరూ చెప్పక్కర్లేదు. మూడవనాడు మందపోరు, ఆ రోజే చాపకూడు. బ్రహ్మనాయుడు అన్ని కులాల వాళ్ళనూ ఒకే చాప మీద కూర్చోబెట్టి అన్నం పెట్టినదానికి గుర్తు. రాయబారం చెడిన మర్నాడే చాప పరుస్తారు. ప్రతి ఏడూ చూస్తున్నదే గానీ ఆ రెండు రోజులూ పక్కపక్కన ఎందుకున్నాయని నేనెప్పుడూ అడగలేదు.

అయినా పోటీలో కాదనే మాట్లాడాను. బాగానే మాట్లాడాను, చప్పట్లు గూడా వచ్చాయి. "చైనా వస్తువును పగలగొట్టే చేయి..." అని ఒక వాక్యం వ్రాసుకున్నాను, అది దేశభక్తి గురించి. ఆ వాక్యం సగం వరకూ వచ్చేసరికి నాకు గుంటూరు యార్డు కనబడింది.

అది 2023 మార్చి. ఆ ఏడు తేజ రకం క్వింటాలు ఇరవై వేలు దాటింది. అంతకు ముందు ఏడు నల్లతామర చేలకు చేలే ఊడ్చిపెట్టింది గనుక అందరికీ ఇప్పుడే ఊపిరి. తేజ మిర్చి ఎక్కువగా చైనా వెళుతుందని, కారం సారం తీయటానికి వాడతారని యార్డులో చిన్నపిల్లవాడు గూడా చెబుతాడు. సరుకు అమ్ముడుపోయేదాకా రాత్రి టిక్కీల మీదే పడుకున్నాం. పొద్దున్నే కమీషన్ కొట్టు దగ్గరకు ఎగుమతి వాళ్ళతో ఒక చైనా ఆయన వచ్చాడు. యాభై ఏళ్ళుంటాయి, ముఖానికి గుడ్డ కట్టుకున్నాడు. వెంట ఒక తెలుగు కుర్రాడు. చైనాలో డాక్టరు చదువుకు వెళ్ళి, 2020లో కరోనాకు ఇంటికొచ్చి, రెండేళ్ళు వెనక్కు వెళ్ళలేక, నేర్చుకున్న ఆ భాషతో ఈ ఉద్యోగంలో చేరాడట.

చైనా ఆయన మా టిక్కీలో చేయి పెట్టి ఒక కాయ తీసి, విరిచి, వాసన చూసి, ముక్క కొరికాడు. కళ్ళ వెంట నీళ్ళు కారాయి. నాన్న పకపకా నవ్వి మజ్జిగ చెంబు అందించాడు. ఆయన తాగాడు. తర్వాత ఫోను తీసి ఒక ఫోటో చూపించాడు. వాళ్ళ ఊరట. ఇంటి ముందు పట్ట మీద మిరపకాయలు ఎండుతున్నాయి. ఒక ముసలావిడ వంగి కర్రతో తిరగేస్తున్నది. నాన్న ఆ ఫోను చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు. "చూడరా, ఆ నడుం వంచటం అచ్చం మీ నాయనమ్మే" అన్నాడు.

"వాళ్ళమ్మట" అన్నాడు తెలుగు కుర్రాడు.

"మీ దగ్గర తామర ఉందా? ఏం మందు కొడతారు?" అని నాన్న అడిగించాడు. ఆయన చెప్పిన మందు పేరు ఈ కుర్రాడికి తెలుగులో రాలేదు. మా కౌలెంత అని ఆయన అడిగాడు. చెబితే తల ఊపాడు. ధర మాత్రం ఎవరూ మాట్లాడలేదు. అది గుమస్తాల పని.

అప్పుడు నాన్న ఉన్నట్టుండి తన ఫోను తీశాడు. అందులో పంపు ఫోటో ఉంది. విరిగిన చక్రం, పక్కన స్టిక్కరు. మూడేళ్ళుగా ఆ ఫోటో ఆయన దగ్గర ఉందని నాకు తెలియదు. "ఇంజను బాగుంది బాబూ. ఈ చక్రమొక్కటే యాడా దొరకట్లా. వాళ్ళ దేశపు సరుకే గదా, అక్కడ దొరుకుతుందేమో కనుక్కోమను. డబ్బులిస్తాను" అన్నాడు. ఎట్లా విరిగిందని ఆయన అడిగాడు. నాన్న నా భుజం మీద చేయి వేసి, "పైనుంచి పడింది. మావాడి మీద పడాల్సింది, దేవుడి దయవల్ల తప్పింది" అన్నాడు.

ఆ మాట చైనా భాషలోకి వెళ్ళింది. ఆయన నా వంక చూసి, నా తల మీద చేయి పెట్టి ఏదో అన్నాడు. "అదృష్టవంతుడివట" అన్నాడు కుర్రాడు.

స్టిక్కరును తన ఫోనులో ఫోటో తీసుకుని వెళ్ళిపోయాడు. తర్వాత ఏ కబురూ రాలేదు. వస్తుందని నాన్న గూడా అనుకోలేదు. అది స్నేహమనీ నేననను. మాది సరుకు, ఆయనది బేరం. 2025లో ధర పడిపోయి, క్వింటాలుకు 11,781 రూపాయలు లెక్కగట్టి కేంద్రం ఆదుకోవలసి వచ్చినప్పుడు, చైనా వాళ్ళు కొనటం తగ్గించారన్నది చెప్పిన కారణాల్లో ఒకటి. బేరం చేసేవాడు ధర చూస్తాడు. హైదరాబాదుకూ చైనాలోని చింగ్‌డావ్‌కూ 2015లో సోదర నగరాల ఒప్పందం అయిందని చదివాను. రెండు ఊళ్ళ మామూలు జనానికి ఆ చుట్టరికం తెలుసా అని నాకు అనుమానమే.

కానీ నేను వేదిక మీద ఉన్నప్పుడు నా తల మీద ఆ చేయి ఉంది. "చైనా వస్తువును పగలగొట్టే చేయి" అన్న తర్వాత నాకు మాట రాలేదు. దిగి వచ్చేశాను. ఆ రోజు బహుమతి వచ్చిన మిత్రుడు నాకంటే బాగా మాట్లాడాడు, అందులో సందేహం లేదు.

మాస్టారు తర్వాత ఏమీ అడగలేదు. నేనే వెళ్ళి, మన దగ్గర అటువంటి సంఘం ఏదైనా పెట్టవచ్చా అని అడిగాను. "సంఘానికి ముందు ఉత్తరం వ్రాయటానికి ఒక మనిషి ఉండాలి గదా. ఎవరున్నారు నీకు?" అన్నారు. ఆలోచిస్తే ఒక్కడున్నాడు, ఆ తెలుగు కుర్రాడు. అతని నంబరు కమీషన్ కొట్టులో దొరికింది. ఇప్పుడు మళ్ళీ చైనాలో ఉన్నాడు, ఆగిన చదువు పూర్తి చేస్తున్నాడు. పక్క గదిలో ఉండే చైనా విద్యార్థి ఒకడిది రైతు కుటుంబమేనట, మిరప కాదు, వెల్లుల్లి. నేను ఇంగ్లీషులో నాలుగు ముక్కలు వ్రాసి పంపాను: మాకు ఎకరానికి ఎన్ని టిక్కీలు వచ్చాయో, ఎంత ఎండిపోయిందో గూడా. ఇంకా జవాబు రాలేదు.

వేసవి సెలవులకు ఈ సంచిక ఇంటికి తీసుకువెళతాను. నాన్నకు చిన్న అక్షరాలు ఆనవు, మా చెల్లెలు పైకి చదివి వినిపిస్తుంది. అది కొష్టం దగ్గరి మాటలు చదివేటప్పుడు నేను పొలంలో ఉండేట్లు చూసుకుందామని మొదట అనుకున్నాను. ఇప్పుడు అట్లా అనుకోవటం లేదు, అక్కడే కూర్చుంటాను. పంపు ఇంకా ఆ చిలక్కొయ్యకే ఉంది.